దారి పుచ్చుకోని రొట్టెలబండి

3వ రోజు

తుల్వా దేశంలో కొత్తగా లైసెన్సు పుచ్చుకున్న ప్రతి పరదేశీ వంద రోజులు దినచర్య రాయాలట. ఏ భాషలో రాసినా యంత్రం చదువుకుంటుందట. చదవనీ. యంత్రానికైనా మనిషికైనా దాచుకునేది నా దగ్గర ఏమీ లేదు.

నా పేరు జక్కరయ్య. రేపల్లెకీ నిజాంపట్నానికీ మధ్య ఇరవై రెండేళ్ళు ఆటో తోలాను. బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. మిగతా చదువంతా దేవుని వాక్యం నేర్పింది. కిరాయి దొరకని గంటల్లో వెనక సీట్లో కూర్చుని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివిన వాణ్ణి, తర్వాత అదే ఆటో మీద మైకు కట్టి నాలుగు మండలాల్లో గర్జించాను. సముద్రం లోపలికొచ్చి మా వీధుల్ని కలిపేసుకున్నాక ఎవరి దారి వాళ్ళం చూసుకున్నాం. నేను ఇక్కడికి రావడానికి కారణం ఒక్కటే. నా భార్య యెమీమాకి ఎడమ కన్ను చిన్నప్పుడే జ్వరంలో పోయింది. ఇప్పుడు కుడికంటికి పొర కమ్మింది. ఇక్కడి వైద్యులు ఆవిడ చర్మం నుంచే కొత్త పొర పెంచి, అయిదు విడతల్లో కంటికి అతికిస్తారు. పనివాళ్ళ కుటుంబాలకి ఆ వైద్యం ఉచితం. మధ్యలో ఆపితే అతికించింది ఎండిపోయి, ఉన్న కాస్త వెలుగూ పోతుందని మొదటి రోజే చెప్పారు. అందుకని నేను రొట్టెలబండి తోలుతున్నాను. ఆవిడ కంటికి కట్టుతో గదిలో కూర్చుని నా రాక కోసం చెవులు రిక్కించుకుని ఉంటుంది.

తోలడమంటే నిజానికి తోలడం కాదు. బండి తనంతట తనే పోతుంది. స్టీరింగు పేరుకే ఉంది. కూడలి రాగానే మాత్రం ఠక్కున ఆగిపోతుంది. అక్కణ్ణించి మనిషి పని. ఎదురుగా వచ్చిన బండిలోని మనిషి కళ్ళలోకి చూడాలి. అరచెయ్యి ఎత్తి చూపిస్తే దారి ఇచ్చినట్టు. చెయ్యి గుండెమీద పెట్టుకుంటే పుచ్చుకున్నట్టు. అప్పుడే బండి కదులుతుంది. హారన్ లేదు, ఎర్ర దీపం లేదు. నేను ముందు పోతానని అడిగే సైగ అసలే లేదు. ఈ దేశంలో దారి తీసుకోవడానికి వీల్లేదు, ఎవరైనా ఇవ్వాల్సిందే.

ఈ చట్టం విన్నప్పుడు శిక్షణ గదిలోనే లేచి నిలబడి దేవుణ్ణి స్తుతించాను. ఎదుటివాడి మొహం చూడకుండా ముందు చక్రం దూర్చితే చాలు, వాడే బ్రేకు వేస్తాడన్న విద్యతో బతికిన దేశం నుంచి వచ్చినవాణ్ణి నేను. వెనక ఉన్నవాడే ముందువాడవుతాడన్న మాట మీద పాతిక ప్రసంగాలు చేశాను. దాన్నే చట్టంగా రాసుకున్న జనం భూమ్మీద ఉన్నారా! శిక్షణ పుస్తకంలో ఇవ్వడం గురించి ముప్ఫై పేజీలున్నాయి. పుచ్చుకోవడం గురించి ఉన్న నాలుగు పేజీలు చదవకుండా తిప్పేశాను. పుచ్చుకోవడం ఎవరికి రాదు?

11వ రోజు

ఎనిమిది రోజుల్లో నేను ఒక్కసారి కూడా దారి పుచ్చుకోలేదు. గొప్ప కోసం రాయడం లేదు, సాక్ష్యంగా రాస్తున్నాను. ఎదుటివాడు అరచెయ్యి ఎత్తితే నేనూ ఎత్తుతాను. ఆయన చూస్తాడు, నేను నవ్వుతాను. ఆయన మళ్ళీ చూస్తాడు. చివరికి గుండెమీద చెయ్యి పెట్టుకుని ఆయనే పోతాడు.

కాకపోతే ఇక్కడి మనుషులకి దీవెన అందుకునేటప్పుడు మొహం చిట్లించుకునే అలవాటు ఉన్నట్టుంది. ఇవాళ పడవల రేవు కూడలిలో ఒక ముసలాయన నాకు దారిచ్చాడు. నేను తిరిగిచ్చాను. ఆయన బండిలోంచి గిన్నె మూత కింద పడ్డట్టు ఒక శబ్దం వచ్చింది. చెవిలో పెట్టుకున్న అనువాదం పూస నాకు తెలుగులో చెప్పింది: "ఇచ్చిన దారి వెనక్కి వచ్చింది." ఆయన గడ్డం వణికింది. మనసు కరిగిందనుకున్నాను. దాటిపోతూ అద్దం దించి ఏదో అన్నాడు. పూస దాన్ని తర్జుమా చెయ్యలేదు. కొన్ని స్తుతులు మాటలకి అందవు.

పరదేశీ పనివాళ్ళుండే పదకొండు హాస్టళ్ళకి రొట్టెలు చేరేసరికి మధ్యాహ్నం దాటుతోంది. ఏడో హాస్టల్ దగ్గర కోటిలింగం నా కోసం కాచుకుని ఉన్నాడు. అతను మా పక్క ఊరివాడే, ఇక్కడ చెత్తలారీ నడుపుతాడు. నాకంటే ఏడాది ముందొచ్చాడు. చేతిలో ఉన్న రొట్టెతో బండి తలుపు మీద టకటకా కొట్టాడు.

"ఏంది బ్రదరూ ఇది? రొట్టా, రుబ్బురోలు పొత్రమా? పొద్దున ఆరింటికి పొయ్యి దిగింది మధ్యాన్నం రెండింటికి తేవడవేంది?"

"ప్రతి కూడలిలోనూ దారి ఇస్తున్నాను కోటిలింగం. ప్రేమకి ఆలస్యం అవుతుంది."

"నీ ప్రేమకి నా పళ్ళు రాలుతున్నయ్. వాళ్ళిస్తే పుచ్చుకో, మనం ఇస్తే వాళ్ళు పుచ్చుకుంటారు. అంతే గదా."

"నువ్వు ఎన్నిసార్లు పుచ్చుకుంటావు రోజుకి?"

"ఇచ్చినన్నిసార్లు. ఊరికే వచ్చేది ఎవరు ఒదులుకుంటారయ్యా!"

అతని ఆత్మ కోసం ఆ కూడలిలోనే ప్రార్థించాను.

19వ రోజు

నా మనసు బాగాలేదు. కోటిలింగానికి ఊరి పరిపాలన వాళ్ళు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. 'మర్యాదస్తుడైన పరదేశి' అని దానిమీద ఉంది. వీధివాళ్ళు అతని చెత్తలారీకి పూలు కట్టారు. ముసలమ్మలు గుమ్మంలోకొచ్చి ఆవిరి పట్టిన చేపలు పొట్లం కట్టి ఇస్తున్నారు. అతను పొట్లం అందుకుని, మూత తీసి వాసన చూసి, ఇంకోటి ఉందా అని అడుగుతాడు. వాళ్ళు నవ్వుకుంటూ లోపలికి పరిగెత్తి తెస్తారు.

ఇది నాకు అర్థం కాలేదు. రేపల్లె స్టాండులో వరస దాటి కిరాయి ఎక్కించుకుని రోజూ తన్నులు తిన్న మనిషి ఇతను. పొద్దుణ్ణించి వాక్య గ్రంథం తిరగేశాను. దుష్టుడు పచ్చని చెట్టులా ఎందుకు ఎదుగుతాడని మొరపెట్టుకున్న కీర్తన దగ్గర ఆగాను. జవాబు మాత్రం కనపడలేదు.

యెమీమాకి చెబితే కట్టు సర్దుకుంటూ నవ్వింది.

"ఆ అన్నయ్య పెడితే తింటాడు, ఇస్తే తీసుకుంటాడు. పెట్టేవాళ్ళకి అదేగా కావాల్సింది."

"ఆకలి వేరు, ఆశ వేరు."

"ఏమోనండీ. మీకు ముప్పై ఏళ్ళనించి వండి పెడుతున్నాను. నువ్వు తిన్నావా, పిల్లలు తిన్నారా, వీధిలో వాళ్ళు తిన్నారా అని అడిగి అడిగి చల్లారబెట్టి తింటారు. ఒక్క పూటన్నా వేడివేడిగా తింటే చూద్దామనుండేది."

ప్రసంగానికి పనికొచ్చే మాట కాదని అక్కడితో వదిలేశాను.

34వ రోజు

స్తోత్రం! ఇవాళ నాకూ ఉత్తరం వచ్చింది. పూస చదివింది: 'మీరు ముప్ఫై ఒక్క రోజుల్లో నాలుగు వందల పన్నెండు సార్లు, మీకు ఇచ్చిన దారిని తిరిగి ఇచ్చారు. ఈ ఊరి చరిత్రలో ఇలా మరొకరు లేరు. రేపు పది గంటలకి రవాణా కార్యాలయానికి రండి.'

యెమీమాకి మూడుసార్లు చెప్పి వినిపించాను. నాలుగు వందల పన్నెండు! కోటిలింగానికి పత్రం ఇచ్చినవాళ్ళు నాకు ఏమిస్తారు? ఏమిచ్చినా హాస్టళ్ళవాళ్ళకే పంచుతాను. తెల్ల చొక్కా ఉతికి ఆరేశాను. ఇక్కడ సూర్యుడు మూడు నెలలు కిందికి దిగడు కాబట్టి ఎప్పుడు ఉతికినా ఆరుతుంది. పది నిమిషాల సాక్ష్యం రాసుకున్నాను.

"మెచ్చుకోడానికే పిలిచారంటారా?" అంది యెమీమా.

"ఇంకెందుకు పిలుస్తారు?"

"మెచ్చుకునేవాళ్ళు లెక్కపెట్టరేమోనండీ."

35వ రోజు

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

రవాణా అధికారి పేరు ఇర్మెల. యాభై ఏళ్ళుంటాయి. జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. బల్లమీద ఒక రొట్టె పెట్టుకుని ఉంది. నేను కూర్చోగానే దాన్ని పైకెత్తి బల్లమీద వదిలింది. దబ్బున మోగింది.

"మీ బండిదే" అంది.

నేను లేచి నిలబడి సాక్ష్యం అందుకున్నాను. గొంతు పెంచాను. పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఆవిడ అంతా విన్నది. ముక్కు తుడుచుకుని అడిగింది.

"మీరు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరా?"

"దేవుడి దగ్గర తప్ప పుచ్చుకోను."

"అయితే మా వాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది మీకు ఏం తక్కువ చేశారు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా చెప్పింది, పిల్లవాడికి చెప్పినట్టు. వాళ్ళ తాతల కాలంలో కూడళ్ళలో యంత్రాలే తేల్చుకునేవట. ఎక్కువ సొమ్ము కట్టిన బండికి మిగతావన్నీ ఒదిగేవట. లేనివాళ్ళు రోజంతా కూడలిలోనే ఉండిపోయేవాళ్ళట.

"దారి వాళ్ళకి ఉండేది, మాకు ఉండేది కాదు. లేనిదాన్ని ఇవ్వలేం కదా. ఇప్పుడు మా ఊళ్ళో ఎంత లేనివాడి దగ్గరైనా ఇవ్వడానికి ఒకటుంది. మీరు వచ్చి, అది నాకు అక్కర్లేదు, నేనే మీకిస్తానని నాలుగు వందల పన్నెండు మంది మొహాన కొట్టారు. పడవల రేవు కూడలి ముసలాయన ఇంటికి పోయి రెండు రోజులు అన్నం ముట్టలేదట. నాలో ఏం లోపం చూశాడు ఆ పరదేశి అని."

"నేను తగ్గించుకున్నానమ్మా."

"మీరు తగ్గలేదు. ఎవరికీ అందనంత ఎత్తున కూర్చున్నారు."

నా జీవితంలో నన్ను చాలామంది చాలా అన్నారు. గర్విష్ఠి అన్నవాడు మాత్రం లేడు. రాసుకున్న సాక్ష్యం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.  

ఆవిడ తీర్పు చెప్పింది. రేపటి నుంచి పది రోజులు. ఇచ్చిన ప్రతి దారినీ పుచ్చుకోవాలి. ఒక్కటి తిరిగిచ్చినా, ఇచ్చినప్పుడు అందుకోకుండా కూర్చున్నా లైసెన్సు రద్దు. లైసెన్సు పోతే పని పోతుంది, పని పోతే ఇద్దరం మొదటి ఓడ ఎక్కాలి.

"నా భార్య కంటికి ఆఖరి విడత పదో రోజునే ఉందమ్మా. అంటే నలభై అయిదో రోజు."

ఇర్మెల ఫైలు మూసింది. మొహం కొంచెం మెత్తబడింది.

"అయితే పుచ్చుకోండి" అంది.

36వ రోజు

మొదటి కూడలిలోనే ఒకావిడ దారిచ్చింది. కుడిచెయ్యి గుండెమీద పెట్టుకోవాలి. అంతే. చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.  ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని లేపి గుండెకి ఆనించాను. బండి కదిలింది. దొంగతనం చేసి పారిపోతున్నట్టు తల వంచుకుని దాటాను. అలా ఇవాళ పద్నాలుగు సార్లు.

ఇంటికొచ్చి వాక్య గ్రంథం తీశాను. పుచ్చుకొమ్మని ఎక్కడుందో వెతుకుతున్నాను. పేజీలన్నీ ఇవ్వమనే అంటున్నట్టున్నాయి. నేను గీతలు గీసుకున్నవన్నీ అవే. యెమీమా ఆ తిప్పుడు శబ్దం విని విని విసుగెత్తి అంది.

"ఆ కాళ్ళు కడిగిన రాత్రి సంగతి తియ్యండి."

"గురువు శిష్యుల కాళ్ళు కడిగినదా? అది సేవ గురించి. నేను ఇరవైసార్లు చెప్పాను."

"ఇరవైసార్లూ కడిగినాయన పక్కనించే చెప్పారు. నాకొద్దు, నా కాళ్ళు కడగనివ్వనని ఒకాయన మొండికేశాడుగా. అతనికి గురువేం చెప్పాడు? కడగనివ్వకపోతే నీకూ నాకూ సంబంధం లేదన్నాడా లేదా?"

పుస్తకం మూసేశాను. ఇన్నేళ్ళ ప్రసంగాల్లో ఆ మొండి శిష్యుడి గురించి నేను ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించినా తేలడం లేదు. కడగనిచ్చాక ఆ మనిషి ఎలా కూర్చుని ఉంటాడు? చేతులు ఎక్కడ పెట్టుకుని ఉంటాడు?

యెమీమా గోడ పట్టుకుని లేచి, తడుముకుంటూ కుండ దగ్గరికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"ముందు నువ్వు తాగు" అన్నాను.

"చూశారా!" అంది ఆవిడ. "గుండెమీద చెయ్యి పెట్టి, పుచ్చుకుని తాగండి. అభ్యాసం."

నాలుగు గ్లాసులు తాగించింది.

38వ రోజు

ఇవాళ ఇంకో తప్పు. చేపల బజారు మలుపులో ఒక అమ్మాయి బండిలోంచి చెయ్యి ఎత్తింది. నేను వెంటనే గుండెమీద చెయ్యి పెట్టాను. బండి కదల్లేదు. గట్టిగా కొట్టుకున్నాను గుండెమీద. కదల్లేదు. ఆ అమ్మాయి ఎండకి కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది, అంతే. నేను గుండె బాదుకుంటుంటే జబ్బు మనిషి అనుకుని దిగి పరిగెత్తుకొచ్చింది.

"ఇవ్వనిది పుచ్చుకుంటే?" అని కోటిలింగాన్ని అడిగాను.

"అది మన ఊరు బ్రదరూ" అన్నాడు.

41వ రోజు

ఆరు రోజులుగా ఒక్కటీ వదల్లేదు. రొట్టెలు పదిన్నరకే అందుతున్నాయి. ఏడో హాస్టల్‌వాళ్ళు వేడి రొట్టె చింపితే ఆవిరి వచ్చిందని చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మనసులో ఏదీ కుదురుకోవడం లేదు.

ఇవాళ బడిపిల్లలు ఇరవై మంది వరసగా కూడలి దగ్గర నిలబడి, అందరూ ఒకేసారి అరచేతులు ఎత్తారు. ఇరవై చేతులు. మా దగ్గరైతే టీచరు విజిలు వేసి బళ్ళు ఆపుతుంది, పిల్లలు దాటుతారు. ఇక్కడ పెద్దవాణ్ణి, బండిలో కూర్చున్నవాణ్ణి, పిల్లల్ని ఎండలో నిలబెట్టి నేను ముందు పోవాలి. కంటికట్టు గుర్తొచ్చింది. చెయ్యి పెట్టుకున్నాను. పిల్లలు ఎగిరి గంతులేశారు, ఏదో గెలిచినట్టు.

సాయంత్రం ప్రార్థనలో ఒక ప్రశ్న అడిగాను. ప్రభువా, నేను పుచ్చుకుంటున్నది వీళ్ళ మీద గౌరవంతోనా, యెమీమా కన్ను పోతుందన్న భయంతోనా? భయంతో చేసిన మంచి మంచేనా? నేను పుల్పిటు మీద ప్రసంగిస్తుండగా ఎవరైనా ఇది అడిగితే రెండు నిమిషాల్లో జవాబు చెప్పి పంపేసేవాణ్ణి.

45వ రోజు

పదో రోజు. ఆఖరి విడత పదకొండు గంటలకి. పొర అతికే ద్రవం పదకొండుకి కలిపితే గంటలో గడ్డకడుతుంది, ఆలస్యం వద్దని ఆసుపత్రివాళ్ళు రెండుసార్లు చెప్పారు. రొట్టెలు దించేసి, యెమీమాని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఆరు కూడళ్ళు. అయిదు దాటాం. ఇచ్చినవి మూడు, పుచ్చుకున్నవి రెండు.

ఆరోది కొండకింద కూడలి. అక్కడ ఎదురుగా పైకప్పు లేని ఒక చిన్న బండి ఆగింది. వెనక పొడవాటి చెక్కపెట్టె. పెట్టె బండికంటే పొడుగు, చివర బయటికి వచ్చి ఉంది. దానిమీద ఒక జత మగవాళ్ళ బూట్లు తాడుతో కట్టి ఉన్నాయి. బండిలో ఒక్కతే మనిషి, యెమీమా వయసుది. ఏడుపు లేదు మొహంలో. ఎవరిమీదో విసుగ్గా ఉన్నట్టు, ఆలస్యమైనట్టు ఉంది.

నేను ఇంజను ఆపబోయాను. మా దగ్గర పాడె ఎదురైతే ఆటో దిగి, టోపీ తీసి, అది కనుమరుగయ్యేదాకా నిలబడతాం. ఆటో తోలిన ఇరవై రెండేళ్ళలో నేనది తప్పలేదు. చెయ్యి తలుపు మీదికి పోయింది.

ఆవిడ అరచెయ్యి ఎత్తింది.

"ఏమైంది? ఆగామేంటండీ?" అంది యెమీమా.

"శవం. పెట్టె తీసుకుపోతోంది. భర్త అనుకుంటా. నాకు దారిస్తోంది."

"ఇచ్చిందా?"

"నేనెట్లా పుచ్చుకోను యెమీమా? చచ్చిపోయిన మనిషి ముందు. ఆవిడ ముందు. దిగి రెండు మాటలు ప్రార్థన..."

ఆవిడ బండి పలికినదాన్ని పూస గొణిగింది. ఇక్కడ చనిపోయిన మనిషిని తీసుకుపోయేటప్పుడు దారిలో ఎదురైన వాళ్ళందరికీ ఇస్తూ పోతారట, పోయినవాళ్ళ తరఫున. ఆ మనిషి ఈ ఊరికి ఇచ్చే చివరి దారులట అవి.

యెమీమా నా మోచెయ్యి పట్టుకుంది. తన కన్ను గురించి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే తేలికయ్యేది. నీ కోసం చేశానని ఆవిడ మీద పెట్టేసేవాణ్ణి.

"ఆవిడ చెయ్యి ఎక్కడుంది?" అని అడిగింది.

అప్పుడు చూశాను. చెయ్యి ఇంకా పైనే ఉంది. దించలేదు. దించదు. నేను పుచ్చుకునేదాకా ఇచ్చినవాళ్ళు చెయ్యి దించకూడదని శిక్షణ పుస్తకంలో తిప్పేసిన ఆ నాలుగు పేజీల్లో ఉందేమో, నేను చదవలేదు. ఇన్నాళ్ళూ ఎదుటి చెయ్యి లేవగానే నాది లేపేవాణ్ణి, వాళ్ళ చెయ్యి ఏమయ్యేదో చూసేవాణ్ణి కాదు. ఆవిడ చేతికి చాలా కూడళ్ళు అయినట్టున్నాయి. మోచెయ్యి దగ్గర వణుకుతోంది. రెండో చేత్తో కింద ఆసరా పట్టింది. విసుగు అనుకున్నది విసుగు కాదు. పళ్ళు బిగపట్టి మోస్తోంది.

నేను నోరు తెరవలేదు. ఇంత జీవితంలో ఒక చావు దగ్గర నేను నోరు తెరవకుండా ఉండటం ఇదే మొదటిసారి.

చెయ్యి గుండెమీద పెట్టుకున్నాను.

ఆవిడ చెయ్యి ఒళ్ళోకి జారింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. నా బండి కదిలి, ఆ పెట్టె పక్కనించి, ఆ బూట్ల పక్కనించి దాటింది. బూట్లకి కొత్తగా పాలిష్ చేసి ఉంది.

"దించిందా?" అంది యెమీమా.

"దించింది."

పదకొండుకి నాలుగు నిమిషాలుండగా ఆసుపత్రి గుమ్మం చేరాం.

నేను చేసింది సరైనదేనా? రాస్తూ కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఒక విధవరాలి కంటే ముందు నా బండి పోయింది. ఒక విధవరాలి చెయ్యి దిగింది. రెండూ ఒకే పని.

46వ రోజు

ఇర్మెల దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఒకటే మాట ఉంది: 'పుచ్చుకున్నాడు.' లైసెన్సు ఉంది. ఓడ మేము లేకుండానే పోయింది.

మధ్యాహ్నం వైద్యురాలు కట్టు విప్పింది. యెమీమా చాలాసేపు కన్ను తెరవలేదు. తెరిచాక గోడని చూసింది, కిటికీని చూసింది, తర్వాత నన్ను చూసింది. నెలన్నర తర్వాత చూపు నా మీద పడింది. మెడ నుంచి నుదురు దాకా పరీక్షగా చూసింది.

"ఏంటండీ ఇట్టా అయిపోయారు? ముసలాళ్ళైపోయారు!"

"నువ్వు చూడకుండా ఉన్నప్పుడు అయ్యాను."

"గడ్డం కూడా సరిగ్గా గీసుకోలేదు. ఈ మొహంతోనా ఆఫీసుకి పోయి ప్రసంగం చేసింది?"

తిరుగుదారిలో కిటికీకి మొహం ఆనించి కూర్చుంది. ఇళ్ళ రంగులు చదువుతోంది. అది పసుపు, అది నీలం, ఆ మనిషి కుక్క ఎంత లావుందో చూడండి అంటోంది. మొదటి కూడలిలో బండి ఆగింది. ఎదురుగా చేపల బుట్టలతో ఒక పిల్ల, అరచెయ్యి ఎత్తింది. నేను ఇంకా ఆ పిల్ల మొహంలోకి చూస్తూనే ఉన్నాను. నా పక్కన యెమీమా చెయ్యి తన గుండెమీద పెట్టేసుకుంది.

"నేను పుచ్చుకున్నాలెండి. పోనివ్వండి" అంది.

డ్రైవరు చెయ్యి తప్ప ఇంకొకరిది బండికి పట్టదు. కదల్లేదు.

నేనూ పెట్టాను.